జామీను మీద పుస్తెలు

మా అమ్మ మెడలోంచి పుస్తెలతాడు తెంపుకుపోయిన దొంగ ఆ సాయంత్రమే ఈ బెంగాలీ ఊళ్ళో, మా రైల్వే కాలనీలోనే, దొరికిపోయాడు. పుస్తెలూ దొరికాయి. న్యాయం ఇంత చురుగ్గా నడిస్తే దేశానికి దిష్టి తగులుతుందనుకున్నారో ఏమో, ఆ తర్వాత అందరూ నిదానించారు.

దొంగ కొద్దిరోజులకే జామీను మీద బయటికొచ్చాడు. పుస్తెలు రాలేదు. అవి సాక్ష్యమట, కేసు తేలేదాకా పోలీసుల సామాన్ల గదిలోనే ఉండాలట. స్టేషన్లో కాగితం రాసిన బెంగాలీ బాబు వాటిని అటూ ఇటూ తిప్పి చూసి, ‘పసుపు రంగు లోహపు బొత్తాలు రెండు’ అని రాసుకున్నాడు. ఆయన్ని అని లాభం లేదు. వాళ్ళింట్లో పెళ్ళికి గుర్తు శంఖం గాజులు. రెండు బొత్తాల కోసం ఈవిడ ఇంతలా ఎందుకు ఏడుస్తోందో ఆయనకు నిజంగానే అర్థం కాలేదు.

ఇంటికి రాగానే నాన్న పసుపుతాడుకు పసుపుకొమ్ము కట్టి అమ్మ మెడలో వేశాడు. నాలుగు రోజులే కదా అనుకున్నాం. ఆ కొమ్ము ఎండి విరిగింది, తర్వాత ఇంకోటి, ఆ తర్వాత మరోటి. అమ్మ జాకెట్లన్నీ పసుపు మరకలే. కొత్తవి చేయిద్దామని నాన్న అంటే ససేమిరా అంది.

“కొత్తయి కడితే అది రెండో పెళ్ళి. నాకు మొదటిదే ఇంకా అరగనేదు.”

నాన్న వర్క్‌షాపులో ఫిట్టరు. చక్రం పాడైతే విప్పి, బాగుచేసి, పట్టాల మీదికి పంపేసే మనిషి. కోర్టూ అలాంటిదే అనుకున్నాడు పాపం. లోకల్ రైలెక్కి వాయిదాకు వెళ్తే ఒకసారి వకీలు రాడు, ఒకసారి మేజిస్ట్రేటుకు బదిలీ, ఇంకోసారి ఫైలు ఏ గదిలో ఉందో ఎవరికీ తెలీదు. అన్నీ కుదిరిన నాడు దుర్గాపూజ సెలవులు.

టంచనుగా వచ్చేవాడు దొంగ ఒక్కడే. ఉండేది మా కాలనీ పక్కనే తాల్‌బగీచాలో, వచ్చేది మా లోకల్లోనే. మొదట్లో అమ్మ దారి పొడుగునా అతనికి తెలుగులో శాపనార్థాలు పెట్టేది. రైల్వే తెలుగువాళ్ళు నిండిన ఈ ఊళ్ళో పుట్టినవాడికి తెలుగు తిట్లు ఒకరు చెప్పాలా? తల వంచుకుని అన్నీ వినేవాడు. చూస్తూండగానే అతను ఎగ్ రోల్ బండి పెట్టుకున్నాడు, పెళ్ళి చేసుకున్నాడు, కూతురు పుట్టింది, ఆ పిల్ల బడికి కూడా వెళ్తోంది. మా కేసు మాత్రం ఇంకా పాకుతూనే ఉంది.

ఈలోగా నాన్న రిటైరయ్యాడు, గుండె బలహీనపడింది. అమ్మకు ఒకటే భయం పట్టుకుంది. ఆయన చేత్తో ఆ పుస్తెలు మళ్ళీ కట్టించుకోకుండానే ఏమైనా అయిపోతుందేమోనని. పైకి అనేది కాదు గానీ, నాకు తెలుసు, నాకూ అదే భయం. దరఖాస్తు మీద దరఖాస్తు పెట్టాం. చివరికి కోర్టు కరుణించి, పిలిచినప్పుడు తెచ్చి చూపాలి, రూపు మార్చకూడదు అనే షరతుతో పుస్తెలు ఇచ్చింది. అంటే దొంగకు జామీను దొరికిన ఇన్నేళ్ళకు వాటికీ దొరికిందన్నమాట. కోర్టు వరండాలోనే నాన్న మూడు ముళ్ళూ వేశాడు. గుంపు కూడినందుకు బంట్రోతు అక్షింతలు కూడా వేశాడు.

ఆ తర్వాత ఎట్టకేలకు సాక్ష్యం రోజు వచ్చింది. అమ్మ మెడ చూసి, అవి తీసి బల్ల మీద పెట్టమన్నాడు సర్కారు వకీలు. అమ్మకు హిందీ బాగానే వచ్చు, కానీ తెలుగులోనే జవాబిచ్చింది.

“మా ఆయన గుమ్మంలోనే ఉన్నారు బాబూ. ఆయనుండగా నాను తియ్యను. సూడాలంటే దగ్గరికొచ్చి సూసుకోండి.”

నేను హిందీలో చెప్పాను. తీయకపోతే కేసు నిలవదన్నాడు వకీలు. రెండు నిమిషాలే కదమ్మా అన్నారు మేజిస్ట్రేటు, మర్యాదగానే. అమ్మ చెయ్యి మెడ దాకా వెళ్ళి అక్కడే ఆగిపోయింది. కళ్ళు నిండిపోయాయి. నాకు ఆ బల్ల ఎత్తి పడేయాలన్నంత కోపం వచ్చింది.

“హుజూర్, తీయించకండి” అన్నాడు బోనులోంచి దొంగ, హిందీలో. “అవే. తెంపింది నేనే. ఆమె మెడలోంచి ఒకసారి పోయింది చాలు.”

అతని వకీలు తల పట్టుకున్నాడు. ఏమంటున్నావో తెలుసా అని మేజిస్ట్రేటు మళ్ళీ అడిగారు. తెలుసన్నాడు. ఆయన అంతా రాసుకుని, శిక్ష ఎంతో చెప్పడానికి ఇంకో వాయిదా వేశారు. కానిస్టేబులు అతని రెక్క పట్టుకుని తీసుకుపోయాడు.

బయటికొచ్చాక అమ్మ బెంచీ మీద కూలబడింది. లోకల్ వెళ్ళిపోతుందని నాన్న తొందరపెట్టినా లేవలేదు. దొంగ తరపు వకీలును పిలిచి కూర్చోబెట్టుకుంది.

“ఆ బాబుని ఒగ్గీమని అడగాలంటే ఏటి సెయ్యాలి?”

దొంగను వదిలేయమని అడగడం ఎలా అని నేను హిందీలోకి మార్చి చెబితే వకీలు ముఖం విప్పారింది. దరఖాస్తు పెట్టాలన్నాడు, చాలాకాలం పట్టొచ్చన్నాడు.

“ఠీక్ హై” అంది అమ్మ. “వస్తాం.”