గోల్కొండ మీద విన్న చప్పట్లు

ముందే చెబుతున్నాను, దయ్యాలన్నా గాలీ ధూళీ అన్నా నాకు ఒళ్లు మంట. ప్రొద్దుటూరులో ముప్పై ఏళ్లుగా బట్టల అంగడి నడుపుతున్నాను. తాయెత్తు కట్టుకొచ్చిన పనివాణ్ణి కూడా ఎగతాళి చేసే రకం నేను. అలాంటివాణ్ణి ఇది రాస్తున్నాను. ఎవరూ నమ్మకపోయినా నాకేం బాధ లేదు.

మాకు అంగడి కింద, ఇల్లు పైన. మా ఇళ్లలో భార్య భర్తను పేరు పెట్టి పిలవదు. గిరాకీల ముందు గట్టిగా కేకెయ్యడం కూడా మా అమ్మ కాలం నుంచీ మర్యాద కాదు. అందుకని నా భార్య పద్మావతి అన్నం వేళకు మెట్ల మీద నిలబడి చప్పట్లు కొట్టేది. రెండు గబగబా, కాస్త ఆగి ఒకటి. నేను "ఆ, వస్తాండా" అనేవాణ్ణి. అని, ఇంకో అరగంట చీరలు పరుస్తూనే ఉండేవాణ్ణి. ఆమె రెండోసారి కొట్టేది కాదు. చల్లారిన అన్నం ముందు కూర్చుంటే, చెవుల్లో దూది పెట్టుకున్నారా అని దెప్పేది. ఇరవై ఆరేళ్లు ఇదే తంతు.

నిరుడు ఆమెకు తలలో గడ్డ అని తేలింది. హైదరాబాదులో ఆపరేషన్ అయ్యాక కుడి చెయ్యి పూర్తిగా పడిపోయింది. వేళ్లు కూడా కదిలేవి కావు. నెలకోసారి బస్సు, ఆస్పత్రి, మందులు, మళ్లీ బస్సు. నాలుగో నెల పెద్ద డాక్టరు నన్ను పక్కకు పిలిచి, ఇక ఇంటికి తీసుకుపోయి బాగా చూసుకోండి అన్నాడు. నేను బయటికొచ్చి, అంతా బాగుందట అని ఆమెతో చెప్పాను. ఆమె నా మొహంలోకి పరీక్షగా చూసింది. ఇన్నిసార్లు ఈ ఊరొచ్చి ఆస్పత్రి తప్ప ఏం చూశాం అని అడిగింది.

పులివెందులలో కాపురముంటున్న మా కూతురు సుజాత కూడా తోడు వచ్చి ఉంది. ముగ్గురం రెండు రోజులు ఉండిపోయాం. మొదటి రోజు సినిమాలు తీసే చోటికి పోయి, చక్రాల కుర్చీలో ఆమెను అంతా తిప్పాం. కోర్టు, గుడి, పెళ్లి ఇల్లు, అన్నీ ముందు గోడలే, వెనక కర్రలు. ఉత్తుత్తి రైల్వే స్టేషను చూసి, దీనికంటే మన ముద్దనూరు స్టేషనే నయం, రైలన్నా వస్తుంది అంది. ముగ్గురం నవ్వాం. సాయంత్రం చార్మినార్ దగ్గర గాజులు కొంది. ఎడమ చేతికి మాత్రం వేయించుకుంది.

మరునాడు పొద్దున గోల్కొండ. అక్కడ గుమ్మటం కింద నిలబడి చప్పట్లు కొడితే కొండ మీద వినబడుతుంది. గైడు కొట్టి చూపించాడు. పద్మావతి శానాసేపు ఆ గుమ్మటం వైపే చూసింది.

"మీరు పైకి పోయి చూసి రాండి. నేను యాడికి పోతా?" అంది. అప్పటికే మాట ముద్దముద్దగా వచ్చేది. వద్దులే అన్నాను. మళ్లీ చెప్పింది. పోయాను.

ఒక నిజం చెప్పుకోవాలి. మెట్లెక్కుతుంటే నాకు హాయిగా ఉంది. నెలల తర్వాత మందుల వాసన లేని గాలి. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది, అయినా రాస్తున్నాను. పైన గోడకు ఆనుకుని ఊరంతా చూస్తూ నిలబడ్డాను.

అప్పుడు వినబడింది. రెండు గబగబా, కాస్త ఆగి ఒకటి.

కింద గైడ్లు పొద్దస్తమానం కొడుతూనే ఉంటారు. ఎక్కుతూ ఎక్కుతూ అవి పదిసార్లు విన్నాను. ఇది ఆ చప్పుడు కాదు. ఇందులో గాజుల గలగల ఉంది.

అలవాటు కొద్దీ "ఆ, వస్తాండా" అన్నాను, గొంతులోనే. అని, అక్కడే నిలబడ్డాను. దిగబుద్ధి కాలేదు. నీళ్ల సీసా కొనుక్కున్నాను. దూరంగా సమాధుల గుమ్మటాలు చూశాను. ఇరవై నిమిషాలు గడిచి ఉంటాయి. సీసా మూత రెండు చేతులతో తిప్పుతుంటే అప్పుడు తట్టింది, ఆమె కుడి చెయ్యి లేవదు కదా అని.

మెట్లు ఎలా దిగానో తెలియదు. గుమ్మటం కింద వాళ్లు లేరు. జనం ఎక్కువయ్యారని సుజాత కుర్చీని గేటు బయటికి, గోడ నీడకు తీసుకుపోయింది. పద్మావతి కళ్లు తెరిచే ఉన్నాయి. పిలిస్తే పలకలేదు. అలిసిపోయి ఊరకుంది అనుకుంటున్నా అంది సుజాత. ఆస్పత్రిలో నాలుగో రోజు పోయింది. మళ్లీ మాట రాలేదు.

చప్పట్లు ఎవరు కొట్టారని సుజాతను ఆ రోజు ఆటోలోనే అడిగాను. "అమ్మ చెయ్యి నా చేతిలోనే ఉండె నాయనా. యాడ కొడ్తాది?" అంది.

నేను వ్యాపారస్తుణ్ణి. సరుకు పట్టి చూడకుండా నమ్మను. కర్మలన్నీ అయ్యాక అల్లుణ్ణి వెంటబెట్టుకుని మళ్లీ గోల్కొండకు పోయాను. గేటు బయట అదే గోడ పక్కన అతణ్ణి నిలబెట్టి కొట్టమన్నాను. పైకెక్కి గంటసేపు చెవి పెట్టుకుని నిలబడ్డాను. గుమ్మటం కింది గైడ్ల చప్పట్లు తప్ప ఏమీ వినబడలేదు. చేతులు వాచేలా కొట్టాను మామా అన్నాడు అల్లుడు.

ఇదంతా నా మనసు చేసిన మాయే అనుకుందును. కానీ నెల తిరిగాక సుజాత ఏడుస్తూ ఇంకో సంగతి చెప్పింది.

"అమ్మ ఆపొద్దు గోడ నీడలో కూచుని కలవరించింది నాయనా. 'మీ నాయనను పిలిచినా, వస్తాండా అన్నాడు, ఒక మాట చెప్పాల' అనింది. మల్లా గేటు దిక్కే చూస్తా కూచుంది."

పైన నేను గొంతులో అనుకున్న మాట పక్కన నిలబడ్డవాళ్లకే వినబడి ఉండదు. అప్పటిదాకా నేను దాన్ని ఏ ఒక్కరితోనూ చెప్పలేదు. నా చెవికి చప్పట్లు వినబడడం నా భ్రమే కావచ్చు. మరి ఆమెకు నా మాట ఎట్లా వినబడింది? డాక్టర్లను అడిగాను, కర్మలు చేయించిన మా అయ్యవారిని అడిగాను. ఎవరూ సరైన జవాబు చెప్పలేదు. నాకూ తెలియదు.

ఆమె చెప్పాలనుకున్న మాటేమిటో కూడా తెలియదు. నా అబద్ధం కనిపెట్టానని చెప్పాలనుకుందో, దేన్నైనా అడగాలనుకుందో. ఇంకేదో ఉత్త మాటో. ఇక తెలిసే దారి లేదు. చనిపోతూ కూడా నా మీద ఎంత ప్రేమో, పిలిచి పోయింది అని మా బంధువులు నన్ను ఓదారుస్తారు. వాళ్లకు సగమే తెలుసు.

అమ్మ కలవరించిందనే సుజాత ఇప్పటికీ అనుకుంటోంది. నేను వినీ, కాసింత గాలి కోసం ఇరవై నిమిషాలు దిగకుండా నిలబడ్డానని దానికి చెప్పలేకపోయాను. ఇది చదివితే తెలుస్తుంది.