ఉవాచగారి అరువు మాటలు

మా పెదనాన్న ఏ మాటా తనదని ఒప్పుకోరు. ఆయన నోట ఏది వచ్చినా అది మొదట ఎవరన్నారో చెప్పాల్సిందే. లేకపోతే ఆయనకు వాక్యం పూర్తయినట్టుండదు. "వాన వచ్చేలా ఉంది" అని మనలాగా అని ఊరుకోరు. "వాన వచ్చేలా ఉంది అని ఇందాక ఇస్త్రీ ఆయన అన్నాడు" అంటారు. తలెత్తితే ఆ మబ్బు మనకూ కనిపిస్తూనే ఉంటుంది. అయినా సరే, దానిమీద మొదటి హక్కు ఇస్త్రీ ఆయనది.

ఈ అలవాటు ఏ లెక్కల మాస్టారికో ఉంటే పోనీలే అనుకోవచ్చు. మా పెదనాన్న ట్రేడ్‌మార్క్ లాయరు. కంపెనీల పేర్లకీ, బొమ్మలకీ, ప్రకటనల్లో వాడే మాటలకీ హక్కులు సంపాదించి పెట్టడం ఆయన వృత్తి. పగలంతా "ఈ మాట మా కక్షిదారుది, ఇంకెవరూ ముట్టుకోవడానికి వీల్లేదు" అని వాదిస్తారు. సాయంత్రం ఇంటికొచ్చి సొంత అభిప్రాయాలు కూడా వీధిలో వాళ్లకు పంచేస్తారు.

"కూరలో ఉప్పు కాస్త తగ్గిందని పక్కింటాయన అంటుంటాడు."

"పక్కింటాయన మనింటి కూర ఎప్పుడు తిన్నాడండీ?" అని పెద్దమ్మ.

"సాధారణంగా అంటుంటాడు."

"పెళ్లాన్ని తిట్టేటప్పుడైనా సొంతంగా తిట్టొచ్చుగా?"

"సొంతంగా అనే మాట మీ తమ్ముడిది" అనేవారు పెదనాన్న, మంచినీళ్లు తాగుతూ.

కోర్టులో తోటి లాయర్లు ఆయనకు 'ఉవాచగారు' అని పేరు పెట్టారు. చాటుగా కాదు, ఎదురుగానే పిలిచేవారు. ఆయనకు కోపం వస్తుందేమోనని చూశారు. రాలేదు. "చక్కటి పేరండీ. పెట్టింది మన గుమస్తాగారు. పిలిచినప్పుడల్లా ఆయన్ని కాస్త తలుచుకోండి" అన్నారు. దాంతో పిలిచేవాళ్లకే సరదా తగ్గింది.

చదువు ముగించి నేను ఆయన దగ్గరే జూనియర్‌గా చేరాను. కళ్లజోళ్ల దుకాణం పైన మా ఆఫీసు. ఇరుకు మెట్లు ఎక్కి వచ్చిన కక్షిదారు ముందు ఆయాసం తీర్చుకుని, ఆ తర్వాతే కష్టం చెప్పుకునేవాడు. అక్కడ నేను ఆయన్ని 'సర్' అనాలి. నోరు జారి 'పెదనాన్నా' అంటే కక్షిదారు వైపు తిరిగి, "ఈ పిలుపు మా తమ్ముడి కూతురిది" అని వివరం చెప్పేవారు.

ఆయన పద్ధతి వల్ల ప్రమాదాలు జరక్కపోలేదు. ఒకసారి జిరాక్స్ మిషను ఉన్న గదిలోంచి ఆయన తాపీగా బయటికి వచ్చి, "లోపల పొగ వస్తోందని ఊడ్చే అమ్మాయి అంటోంది" అన్నారు. ఎవరో ఏదో అన్నారని చెప్పడం ఆయనకు మామూలే కదా అని మేమెవరమూ తలెత్తలేదు. తలెత్తేసరికి మిషను సగం కాలిపోయింది.

ఇంకోసారి జడ్జిగారు విసుగ్గా, "ఇంతకీ మీ వాదన ఏమిటి?" అని అడిగారు.

"నాదంటూ ఏమీ లేదండీ..." అని మొదలుపెట్టారు పెదనాన్న, తర్వాత ఎవరి పేరు చెప్పాలో ఆలోచిస్తూ.

అవతలి లాయరు కుర్చీలోంచి ఎగిరి లేచాడు. "రాసుకోండి సార్! ఆయనకు వాదనే లేదట!"

ఆ కేసు మాత్రం నిజంగానే పోయింది.

ఇలా ఉండగా ఊరంతా ఒక మాట పట్టుకుంది. ఆసుపత్రిలో పనిచేసి రిటైరైన ఒక ఆయా, ఆ ఆసుపత్రి గేటు ఎదురుగానే టీ బండి పెట్టుకుంది. పక్కన పొడవాటి బల్ల ఒకటి వేసింది. లోపల్నించి ఏడుస్తూ ఎవరొచ్చినా ఆవిడ ఒకటే అనేది. "ముందు కూచో, తర్వాత ఏడుద్దువుగాని." టీ గ్లాసు చేతిలో పెట్టేది. బండికి అదే బోర్డు కూడా రాయించింది. ఒకరోజు కొండంత మనిషి ఒకడు వెక్కివెక్కి ఏడుస్తూ రావడం, ఆవిడ ఈ మాట అనగానే పిల్లాడిలా టక్కున కూర్చోవడం ఎవరో ఫోన్లో తీసి పెట్టారు. అంతే! ఆట ఓడిన జట్టుకి అదే మాట. పరీక్ష పోయినవాడికి అదే మాట. చట్టసభలో అరుస్తూ లేచిన సభ్యుడితో అధ్యక్షుడు కూడా అదే అన్నాడట. సభ్యుడు కూర్చున్నాడట.

మాట మనుషుల్ని కూర్చోబెడుతోందని తెలిశాక కుర్చీల కంపెనీ ఊరుకుంటుందా? మా ఆఫీసుకు పెద్ద కక్షిదారు ఆ కంపెనీయే. దాని ప్రచారం మేనేజరు మా మెట్లెక్కి వచ్చి, గుమ్మం పట్టుకుని నిలబడి, "మంచినీళ్లు" అన్నాడు. తాగాక విషయంలోకి వచ్చాడు.

"ముందు కూచో, తర్వాత ఏడుద్దువుగాని. ఈ మాట మనం ట్రేడ్‌మార్క్ చేసేయాలి సార్. అర్జెంటు. పక్క కంపెనీవాళ్లు కూడా కన్నేశారు."

"మంచి మాట. ఆయాగారిది" అన్నారు పెదనాన్న.

"ఏ ఆయా?"

"అన్న ఆయా."

"ఆవిడ ఏదో నోటికొచ్చింది అంది సార్. మనం దాన్ని బ్రాండ్ చేస్తున్నాం. మీరు దరఖాస్తులో ఇది కంపెనీ సొంత ఆలోచన అని రాయండి. అలాగే ఆవిడ బండి మీద బోర్డు దింపించాలి. రేపు మన కుర్చీ కొనేవాడు, ఇది టీ బండివాళ్ల మాట కదా అనుకోకూడదుగా?"

"అనుకుంటాడా?"

"నిజం తెలిస్తే అనుకుంటాడు కదా సార్!" అన్నాడు మేనేజరు, చాలా నిజాయితీగా.

ఈయన ఇప్పుడు ఫైలు విసిరికొడతారని నేను ఎదురుచూశాను. కంపెనీ పోతే ఆఫీసు అద్దె కూడా కష్టమే. పెదనాన్న మాత్రం, "చూద్దాం. ఈ మాట మా మామగారిది. కట్నం... కాదు కాదు, గడియారం అడిగినప్పుడల్లా అనేవారు" అని మేనేజరును పంపేశారు.

మర్నాడు నన్ను వెంటబెట్టుకుని టీ బండి దగ్గరికి వెళ్లారు. ఆయా ముఖం వాడిపోయి ఉంది. కంపెనీ మనుషులు ముందే వచ్చి బెదిరించి పోయారట.

"బోర్డు తీసేయమంటున్నారు బాబుగారూ. తీస్తే తీస్తాను. నోటితో కూడా అనకూడదంట. అలవాటైన నోరు, ఏడ్చేవాళ్లని చూస్తే ఆగదు. కేసేస్తారంట. ఈ మోకాళ్లతో నేను కోర్టుల చుట్టూ తిరగగలనా?" అని కళ్లు ఒత్తుకుంది.

పెదనాన్న బల్ల వైపు చూపించారు. ఆవిడ కూర్చుంది. ఏడుపు ఆపి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఎందుకు నవ్విందో అప్పుడు నాకు అర్థం కాలేదు.

"నేను మాట్లాడతాను. బోర్డు దింపొద్దు" అన్నారాయన. ఎవరి మాటో చెప్పకుండా ఆయన అన్న వాక్యం నేను వినడం అదే మొదలు.

కంపెనీ భవనానికి వెళ్లాం. హాలు నిండా కుర్చీలే. తోలువి, కర్రవి, చక్రాలవి, ఊగేవి. ప్రతి కుర్చీ మీదా 'కూర్చోరాదు' అని అట్టముక్క. యజమాని పిలిచేదాకా మేమిద్దరం ఆ కుర్చీల మధ్య నిలబడే ఉన్నాం. నా కాళ్లు పీకుతున్నాయి. పెదనాన్న మాత్రం మ్యూజియంలో ఉన్నట్టు చేతులు వెనక్కి కట్టుకుని తిరిగారు.

యజమాని పెద్దాయన. తక్కువ మాట్లాడతారు. పక్కన ప్రచారం మేనేజరు.

"అయిందా పని?" అన్నారు యజమాని.

"చేస్తే అవుతుందండీ. కానీ ఆ మాట ఆవిడ బండి మీద మనకంటే ముందునుంచీ ఉంది. రేపు విచారణలో మనమే ఓడిపోవచ్చు. గెలిచామనుకోండి, టీ బండి ముసలావిడ నోరు నొక్కిన కంపెనీ అని అదే ఫోన్లో పెడతారు. అదలా ఉంచండి. నాకు వేరే సందేహం ఉంది. ఇంత మంచి మాట మన దగ్గరే ఉండగా, ఆ ఏడుపు మాట మనకెందుకు?"

"మన దగ్గరేముంది?"

"ఈయన అన్నారు కదండీ!" అని మేనేజరును చూపించారు పెదనాన్న. "మొన్న మా మెట్లన్నీ ఎక్కి వచ్చి, కుర్చీ కనపడగానే ఒక మాట అన్నారు. నేను అప్పట్నించీ అదే తలుచుకుంటున్నాను."

మేనేజరు బిక్కమొహం వేశాడు. "నేనా? ఏమన్నాను సార్?"

"మరిచిపోయారా? 'నిలబడి సాధించిందేముంది?' అన్నారు."

యజమాని భుజాలు కదిలాయి. నవ్వు అక్కడ మొదలై పొట్టదాకా దిగింది. కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "నిలబడి సాధించిందేముంది! ఎంత మాట! నువ్వన్నావా ఇది?"

మేనేజరు ఆయన వంక చూశాడు, పెదనాన్న వంక చూశాడు, చివరికి నా వంక చూశాడు. ఆ రోజు ఆయన అడిగింది మంచినీళ్లని నాకు తెలుసు. నాకు తెలుసని ఆయనకూ తెలుసు.

"అంటే... ఏదో మాటవరసకి అన్నాను సార్" అన్నాడు, సిగ్గుపడుతూ.

"మాటవరసకే ఇలా అంటే, ఆలోచించి అంటే ఇంకెలా ఉంటుందయ్యా!" అన్నారు యజమాని.

ఆయా బోర్డు జోలికి వెళ్లకూడదని అక్కడే నిర్ణయమైపోయింది. అసలు ఆ ఏడుపు మాట పనికిరాదని అందరికంటే గట్టిగా వాదించింది మేనేజరే.

తిరిగి వస్తుంటే బస్సులో అడిగాను. "పెదనాన్నా, ఆయన ఆ మాట ఎప్పుడన్నాడు?"

"అనలేదా?" అన్నారు కిటికీలోంచి చూస్తూ.

"మంచినీళ్లన్నాడు. నేను అక్కడే ఉన్నాను."

"అయినా అనగలిగే మొహమేలే అమ్మడూ" అన్నారు.

నాకు అనుమానం పట్టుకుంది. మర్నాడు బోర్డు విషయం చెప్పే నెపంతో ఆయా దగ్గరికి ఒక్కదాన్నే వెళ్లాను. కబురు విని ఆవిడకు ప్రాణం లేచొచ్చినట్టయింది. టీ ఇచ్చింది. డబ్బులు పుచ్చుకోలేదు.

"ఇంతకీ ఆ మాట మీకెలా తోచిందమ్మా?" అన్నాను.

"నాకెక్కడ తోచింది తల్లీ? ఆయనదే."

"ఎవరిది?"

"మీ పెదనాన్నగారిది! నేను పనిలో చేరిన కొత్త. మందు సీసాల పళ్లెం చేయిజారి కింద పడేశాను. పెద్ద నర్సమ్మ అందరి ముందూ కడిగేసింది. ఉద్యోగం పోయిందనుకుని నడవాలో నిలబడి ఏడుస్తున్నా. ఆయన వాళ్లమ్మగారిని చూసుకుంటూ అక్కడే బల్ల మీద ఉన్నారు. కాస్త పక్కకు జరిగి, 'ముందు కూచోమ్మా, తర్వాత ఏడుద్దువుగాని' అన్నారు. కూచున్నా. కూచుంటే నవ్వొచ్చింది. మర్నాటికల్లా వార్డంతా తిరిగి, 'మన ఆయా ఏమందో తెలుసా' అని అందరికీ చెప్పేశారు! డాక్టర్లు నన్ను చూసి నవ్వుతూ పలకరించారు. పెద్ద నర్సమ్మ కూడా ఆ మాట అనడం మొదలెట్టింది. ఇక నన్నెవరు తీసేస్తారు? అందరూ నాదంటుంటే నేనూ అనక తప్పలేదు."

"మీరు ఆయన్ని అడగలేదా?"

"అడిగాను. 'లాయరు నోట్లో మాట ఎవడూ నమ్మడు. నీ దగ్గరుంటే నలుగురికి పనికొస్తుంది' అన్నారు" అని ఆవిడ పొయ్యి మీద పాలు పొంగుతుంటే అటు పరిగెత్తింది.

అక్కణ్నించి తిన్నగా పెద్దమ్మ దగ్గరికి వెళ్లాను. వంటింట్లో గిన్నెలు సర్దుతోంది. ఆవేశంగా అంతా చెప్పాను. ఇస్త్రీ ఆయన, ఊడ్చే అమ్మాయి, గుమస్తాగారు... ఈయన ఎవరెవరి పేరుమీద ఏమేం అన్నారో, అందులో సగానికి సగం ఈయన తయారుచేసినవే అయ్యుంటాయని తేల్చేశాను.

పెద్దమ్మ ఏమాత్రం ఆశ్చర్యపోలేదు. "నీకు ఇప్పుడు తెలిసిందా?"

"నీకు తెలుసా?"

"నా కాపురమే అలా నిలబడిందే పిచ్చిదానా! పెళ్లైన కొత్తలో మా అత్తగారికి నేనంటే గిట్టేది కాదు. నాకూ ఆవిడంటే అంతే. ఈయన ఆవిడ గదిలోకి వెళ్లి, 'అమ్మా, నీలా ఇల్లు నడపడం తన తరం కాదని నీ కోడలు అంటోంది' అనేవారు. నా దగ్గరికొచ్చి, 'కోడలు రాకముందు ఈ ఇంట్లో నవ్వే లేదని అమ్మ అంది' అనేవారు. నేను అంత మంచిదాన్నని ఆవిడ అనుకుంటోందే అని, ఆ మాటలకు తగ్గట్టు ఉండలేక చచ్చాననుకో!"

"తర్వాత?"

పెద్దమ్మ చేతిలో గిన్నె పక్కన పెట్టి, నవ్వు ఆపుకోలేక గట్టు పట్టుకుంది.

"ఆవిడ మంచాన పడ్డాక ఒక మధ్యాహ్నం ఇద్దరం కూచుని ఎవరం ఏమన్నామో తేల్చుకున్నాం. ఎవరమూ ఏమీ అనలేదని తేలింది. కానీ ఏం లాభం? అప్పటికే ఒకళ్లంటే ఒకళ్లకి ప్రాణమైపోయింది."