చీటీలో పోయిన రెండు కుర్చీలు

మా ముత్తాత మాలీ పటేల్. ఆయన తండ్రీ, తాతా కూడా ఆ పనే చేశారు. ఊరి శిస్తు వాళ్ళ చేతుల మీదుగా వెళ్ళేది. తహసీల్దారు వస్తే మా ఇంట్లోనే దిగేవాడు. మా తాత ఇరవై రెండేళ్ళు సర్పంచ్‌గా ఉన్నాడు. అన్నేళ్ళలో ఒక్కసారి కూడా పోలింగ్ జరగలేదు, ఎందుకంటే నామినేషన్ వేసేది ఆయన ఒక్కడే. ఆయన వీధిలో నడిచివెళ్తుంటే అరుగుల మీద కూర్చున్నవాళ్ళు లేచి నిలబడేవారు. ఓటు అడగడానికి ఆయన ఎవరి గడపా తొక్కలేదు. ఈ సంగతి మా ఇంట్లో గొప్పగా చెప్పుకునేవాళ్ళం. నేను ఇప్పటికీ చెబుతాను.

మా నాన్న కాలానికి ఎదురు నామినేషన్ పడింది. ఓట్లు సమానంగా వచ్చాయి. ఎన్నికల అధికారి రెండు చీటీలు రాసి, స్టీలు గ్లాసులో వేసి, ఒకటి తీశాడు. అందులో నాన్న పేరు లేదు. ఆ సాయంత్రమే నాన్న మనుషులను పంపి పంచాయతీ ఆఫీసులోని టేకు కుర్చీని ఇంటికి తెప్పించాడు. తాత చేయించిన కుర్చీ అది, మా సొత్తే. గెలిచినాయన అయిదేళ్ళూ స్టూలు మీద కూర్చున్నాడు. చీటీల్లో ఒకదాని మడత వేరుగా ఉందని నాన్న కోర్టుకు వెళ్ళాడు. ఆ పదవీకాలం ముగిసిపోయినా ఆయన కోర్టులు ఆగలేదు. చెరువు కింది పొలం ముందు పోయింది, తర్వాత ఊరికి ఉత్తరాన ఉన్న చెలక. ఆయన కన్నుమూసేనాటికి మిగిలింది నాలుగున్నర ఎకరాల మామిడితోట, సగం నా పేర, సగం తమ్ముడి పేర.

నేను సౌదీలోని రాస్ తనూరా వచ్చి పదిహేనేళ్ళయింది. ఇక్కడి రిఫైనరీలో తనిఖీలు చేసే ఒక కాంట్రాక్టు కంపెనీలో డాక్యుమెంట్ కంట్రోలర్‌ని. తనిఖీ కాగితాలకు నంబర్లు వేసి, సంతకాలు పెట్టించి, భద్రపరచడం నా పని. నా బల్ల మీద కాగితం చెదిరి ఉండగా ఎవరూ చూడలేదు.

పోయినేడు మార్చిలో తమ్ముడు ఫోన్ చేశాడు.

"అన్నా, ఈపారి మనూరు సర్పంచ్ సీటు జనరల్‌కు వస్తదంటున్నరు. మన కుర్చీ మనకు రావాలె. నా సగం అమ్మితె సాలదు, నీ సగం గూడ కావాలె. పవర్ ఆఫ్ అటార్నీ పంపు."

"తోట మొత్తం అమ్మాల్నా?"

"పైసలు లేకుంటె ఎవలు ఓటేస్తరే ఇయ్యాల్రేపు?"

నేను ఎక్కువ ఆలోచించలేదు. నాన్న ముఖం గుర్తుకొచ్చింది. కాగితం టైపు చేసి సొరుగులో పెట్టాను. ఎంబసీవాళ్ళు మా వైపు ఎప్పుడు వస్తే అప్పుడు వాళ్ళ ఎదుట సంతకం చేయడమే మిగిలింది.

మా బాసు ఇంగ్లీషాయన, అరవై దాటిన ఇన్‌స్పెక్షన్ ఇంజనీరు. ఆరు వారాలు ఇక్కడ, మూడు వారాలు ఇంటి దగ్గర. ఆయన భార్య వాళ్ళ పేట కౌన్సిల్‌లో వార్డు మెంబరు. పెద్ద నగరం అంచున, వరస ఇళ్ళూ ఇళ్ళ ముందు చిన్న చిన్న తోటలూ ఉన్న పేట అది. తొమ్మిదేళ్ళుగా ఆమె ఆ పదవిలో ఉంది. మేలో మళ్ళీ ఎన్నిక.

ఏప్రిల్‌లో ఒక శనివారం బాసు హుఫూఫ్ పాత బజారుకు వెళ్దామన్నాడు. కంపెనీ డ్రైవరు కడప జిల్లా సాయిబు, నన్ను వేళాకోళంగా పటేలా అని పిలిచేవాడు. గంటన్నరకు పైగా ప్రయాణం చేసి, కొట్టు కొట్టూ తిరిగి, బాసు కొన్నది ఒక్కటే వస్తువు: పొడుగు కాడ ఉన్న చదునైన చెక్క గరిటె.

"ఇంత దూరం వొచ్చింది చెక్క గంటె కోసమా పటేలా?" అన్నాడు డ్రైవరు తెలుగులో.

నేను బాసును అడిగాను. అది తన భార్యకట, ఆ వారం ఇంటికి వెళ్తున్న తోటి ఇంజనీరు చేత పంపుతాడట. అక్కడ ఇళ్ళ తలుపులకు ఉత్తరాలు వేసే సన్నని సందు ఉంటుంది. ఎన్నికల కరపత్రం అందులోంచి తోస్తుంటే లోపలి కుక్క వేళ్ళు పట్టుకుంటుంది. అందుకని కరపత్రాన్ని గరిటెతో తోస్తారు. ఆమె పాత గరిటెను ఆ వారమే ఒక కుక్క కొరికి విరిచేసింది.

"ఆమే స్వయంగా వేస్తుందా?"

"ఇంకెవరు వేస్తారు?" అన్నాడు బాసు, నేనేదో వింత ప్రశ్న వేసినట్టు.

విషయం చెప్పగానే డ్రైవరు స్టీరింగు మీద చెయ్యి చరిచాడు. "మా పక్క లీడరు కదిలినాడంటే ముందొక బండి, యెనకొక బండి. ఈయమ్మ గంటె పట్టుకోని పోతాదంట! మనుషులకు బయపడదు గానీ కుక్కలకు బయపడతాది!"

నవ్వాను. కానీ ఆ గరిటె దారి పొడుగునా నా కళ్ళ ముందే ఉంది.

మర్నాడు బాసు ఆమె కరపత్రం ఫోనులో చూపించాడు. రోడ్డు మీది గుంత పక్కన నిలబడి దాన్ని వేలితో చూపిస్తున్న నెరిసిన జుట్టు ఆవిడ. కింద చేసిన పనుల పట్టిక, తేదీలతో. చెట్ల వేర్లు లేపేసిన కాలిబాట, చెత్తబండి రాని సందు, బడి దగ్గర కార్లు ఆపే గొడవ. ఒక తెలుగు కుటుంబం ఇంటి ముందరి దీపస్తంభం కోసం ఒక చలికాలమంతా ఆమె ఉత్తరాలు రాసిందట. వాళ్ళు ఇంకా భారత పౌరులే, అయినా కామన్వెల్త్ దేశంవాళ్ళు కనుక అక్కడి వార్డు ఎన్నికలో ఓటు ఉందట. శనివారం పొద్దున రెండు గంటలు లైబ్రరీలో ఒక బల్ల వేసుకుని కూర్చుంటుంది. ఎవరైనా వచ్చి ఎదురుగా కూర్చుని తమ బాధ చెప్పుకోవచ్చు. మా ఇంటి ముందు జనం నిలబడి చెప్పుకునేవారు.

ఆ పట్టిక కింద మరో పట్టిక ఉంది: "చేయలేకపోయినవి". నాలుగు పనులు, ప్రతిదాని పక్కన కారణం.

కాగితాలతోనే బతుకుతున్న మనిషిని నేను. ఓటు అడిగే మనిషి తన వైఫల్యాలను అచ్చువేయించి, తన చేతులతో ఇంటింటికీ పంచిపెట్టడం నేనెక్కడా చూడలేదు. ఆ ఫోనును చాలాసేపు పట్టుకుని కూర్చున్నాను. రెండో పట్టికను మొదటి నుంచి మళ్ళీ చదివాను.

అక్కడ ఓట్ల లెక్కింపు మేలో ఒక శుక్రవారం జరిగింది. మరమ్మతుల కోసం ప్లాంటు ఆపి ఉన్న రోజులు కనుక మాకు సెలవు లేదు. జుమ్మా నమాజు ముగించుకుని డ్రైవరు కూడా మా పోర్టా క్యాబిన్‌కు వచ్చి కూర్చున్నాడు. లెక్కింపు హాలులోంచి భార్య చేసిన ఫోనును బాసు బల్ల మీద పెట్టి, స్పీకర్ వేసి, తన తనిఖీ రిపోర్టులు సరిచూసుకుంటున్నాడు.

మొదటి లెక్కలో ఆమెకూ, పోటీలో ఉన్న కుర్రవాడికీ సమానం. మళ్ళీ లెక్కపెట్టారు. మళ్ళీ సమానమే.

"ఇప్పుడేం చేస్తారు?" అన్నాను.

"చీటీ తీస్తారు," అన్నాడు బాసు. "అక్కడి పద్ధతి అదే."

అక్కడ కూడా అదే పద్ధతా! నాన్న పేరు రాని ఆ స్టీలు గ్లాసు గుర్తుకొచ్చింది. ఫోనులో కాసేపు జనం గోల. ఎవరో ఒక పేరు చదివారు. అది ఆమె పేరు కాదు.

"పాయె," అన్నాడు డ్రైవరు మెల్లగా.

చప్పట్లు వినిపించాయి. కాసేపటికి ఆమె గొంతు వచ్చింది, కొంచెం బొంగురుగా. "విన్నావా? పోయింది. మంచి పిల్లవాడే, ఇప్పుడే చెయ్యి కలిపి వచ్చాను. కానీ వాడికి ఆ వెనక సందులోని డ్రైనేజీ సంగతి బొత్తిగా తెలియదు. సోమవారం లైబ్రరీకి రమ్మన్నాను. నా ఫైలు వాడికి ఇచ్చేస్తాను."

నేను లేచి నిలబడ్డాను. ఎప్పుడు లేచానో నాకే తెలియదు. ఆమె నన్ను చూడలేదు, ఎన్నడూ చూడబోదు.

"ఎందుకు లేచినావ్ పటేలా, చీమ కుట్టినాదా?" అన్నాడు డ్రైవరు.

ఆమె ఫోను పెట్టేశాక బాసును అడిగాను, "కోర్టుకు వెళ్ళరా?"

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. కళ్ళు కొంచెం ఎర్రబడి ఉన్నాయి. "ఎందుకు? చీటీ సరిగ్గానే తీశారుగా," అన్నాడు. ఆగి, "పాపం, మోకాళ్ళ నొప్పులతో తిరిగింది," అన్నాడు. తర్వాత నేను వరసగా పెట్టిన రిపోర్టుల మీద ఒక్కొక్కటిగా సంతకాలు చేశాడు.

ఆ సాయంత్రం సొరుగులోంచి పవర్ ఆఫ్ అటార్నీ బయటికి తీశాను. కాగితం చింపడం నా వృత్తిలో లేదు. దాని మీద 'రద్దు' ముద్ర కొట్టి ఫైలులో పెట్టి, తమ్ముడికి ఫోన్ చేశాను.

"నా సగం అమ్మను. నిలబడు, నిలబడొద్దని అంటలేను. ఇంటింటికి తిరుగు. ఏం చేస్తవో, ఏం చేయలేవో చెప్పు."

"మన తాత ఎవని గడపన్న తొక్కిండా? నన్ను తొక్కుమంటున్నవా?" అన్నాడు వాడు. "నాయిన అన్నేండ్లు కోర్టుల పొంటి తిరిగె. నువ్వేమో సౌదీల ఏసీల కూసోని నాకు సుద్దులు చెప్తున్నవ్."

ఇంగ్లండులో ఒకావిడ ఇలా చేసిందని, గరిటె సంగతీ ఫైలు సంగతీ చెప్పాను.

"మనూర్ల తలుపులకు బొక్కలు యాడున్నయే?" అన్నాడు.

వాడన్నది నిజమే. తాత గడప తొక్కని సంగతిని గొప్పగా చెప్పి పెంచినవాళ్ళలో నేనూ ఉన్నాను. కుర్చీ మాట ఒక్కటే అడిగాను. "గెలిచినా ఓడినా, ఆ కుర్చీ మళ్ళ పంచాయతీ ఆఫీసుల పెట్టు." వాడు ఫోను కట్ చేశాడు.

చలికాలంలో ఊళ్ళో ఎన్నిక జరిగింది. తమ్ముడు ఓడిపోయాడు, ఈసారి చీటీ అవసరం కూడా పడలేదు. నెల రోజులు నాతో మాట్లాడలేదు. తర్వాత ఒక పొద్దున వాడే ఫోన్ చేశాడు.

"కుర్చీ ఇచ్చొచ్చిన అన్నా. నేనే ఆటోల ఏస్కపోయిన."

"ఏమన్నరు?"

"కొత్త సర్పంచమ్మ అండ్ల కూసోలె. నడుము నొస్తదంట. మూలకు పెట్టిచ్చింది, వచ్చినోళ్ళు కూసుంటరని."

వచ్చినవాళ్ళు ఆ కుర్చీలో కూర్చుంటారు. ఆ మాట రెండోసారి చెప్పించుకుని విన్నాను.

తోటలో నా సగం అలాగే ఉంది. తమ్ముడి సగం, రెండెకరాల పది గుంటలు, బోరుతో సహా, ఎన్నిక ఖర్చుల కోసం ముందే కోళ్ళఫారం పెట్టేవాళ్ళకు అమ్ముడుపోయింది.