పుస్తకంలో ‘పర్లేదు’, సీట్ల కింద పాప్‌కార్న్

మా సినిమా హాల్లో జనం అభిప్రాయం రెండు చోట్ల తెలుస్తుంది. ఒకటి నా దగ్గర. టికెట్లు చింపడం నా పని. ఆట వదిలాక గేటు దగ్గర పుస్తకం పట్టుకుని నిలబడి, బయటికొచ్చేవాళ్ళని ఎలా ఉందని అడిగి రాసుకుంటాను. అది చూసే మా మేనేజరుగారు ఏ సినిమా ఉంచాలో, ఏది ఎత్తెయ్యాలో తేలుస్తారు. అందుకని నాకు కాస్త పొగరుండేది, ఒప్పుకుంటాను. రెండోది అక్క దగ్గర. అక్క హాలు ఊడుస్తుంది. ఎవరినీ ఏమీ అడగదు.

అక్క అంటే నా తోడబుట్టింది కాదు, హాల్లో పనిచేసే అందరికీ అక్కే. పంతొమ్మిదేళ్ళుగా ఆటకీ ఆటకీ మధ్య దొరికే ఇరవై నిమిషాల్లో మూడొందల సీట్ల కింద చీపురు ఆడిస్తోంది. పై వరసలో మొదలుపెట్టి తెర దాకా ఊడ్చుకుంటూ దిగేసరికి, సినిమా జాతకం ఆవిడ చేతిలో ఉంటుంది. బోరు కొట్టిన సినిమాకి పాప్‌కార్న్ డబ్బాలు అడుగంటా ఖాళీగా ఉంటాయట, జనానికి తినడం తప్ప వేరే పని లేక. ఏడిపించిన సినిమాకి సీట్ల సందుల్లో కళ్ళు తుడుచుకుని నలిపేసిన కాగితాలు దొరుకుతాయి. నవ్వించిన సినిమాకైతే నేలంతా గింజలే. నవ్వేవాడి చెయ్యి నోటిదాకా పోదు కదా అంటుంది. నేనా మాటల్ని చాలాకాలం వెక్కిరించాను.

ఆ వారం మా హాల్లో ఒక పసిపాప సినిమా పడింది. తల్లి ఉద్యోగం ఇంటర్వ్యూకి వెళ్తూ పాపని తండ్రికీ, మామగారికీ, బావమరిదికీ అప్పజెప్పి పోతుంది. ఇక ఆ ముగ్గురు మగాళ్ళూ సబ్బు మీద జారడం, పిండి డబ్బాలో తలదూర్చడం, పాప అనుకుని బట్టల బుట్టకి జోలపాడడం. అంతే కథ. లోపల పైకప్పు ఎగిరిపోయేలా నవ్వులు వినపడుతున్నాయి. గేటు దాకా వచ్చేసరికి మాత్రం అందరూ పెద్దమనుషులైపోతున్నారు. ఒకాయన పర్లేదన్నాడు. ఒకావిడ పాప ముద్దుగా ఉంది, మిగతాదంతా పిచ్చిగంతులంది. ప్రతి సినిమాకీ ఒకే మూల సీటు అడిగి కూర్చునే రిటైరైన హెడ్మాస్టరుగారైతే, అందులో సందేశమేమిటో చెప్పమని నన్నే నిలదీశారు. బుధవారానికి నా పుస్తకంలో ముప్పై ఒక్క ‘పర్లేదు’లు పోగయ్యాయి. శుక్రవారం నుంచి వేరే బొమ్మ వేద్దామన్నారు మేనేజరుగారు.

అక్క చీపురు గోడకి ఆనించి ఆయన గదిలోకి వెళ్ళింది. ఆదివారం దాకా ఉంచమని అడిగింది. అంతకుముందెప్పుడూ ఆవిడ ఏదీ అడగ్గా మేము చూడలేదు.

సంగతేమిటంటే, అక్క కూతురికి పురుడొచ్చి మూడు నెలలైంది. పక్క ఊళ్ళో అత్తవారింట్లో ఉంది. పిలిస్తే పలుకుతుంది, లేకపోతే గోడకేసి చూస్తూ కూర్చుంటుంది. తల దువ్వుకోదు. చకచకా మాట్లాడే పిల్ల అలా అయిపోయిందని అక్కకి లోపల దిగులు పట్టుకుంది. వెళ్ళినప్పుడల్లా, ఫోను చేసినప్పుడల్లా, కాస్త నవ్వుతూ ఉండవే తల్లీ అని పోరేది. ఈ సినిమా చూస్తే పిల్ల మళ్ళీ మనిషవుతుందని గట్టిగా నమ్మింది. అల్లుడు ఆదివారం తీసుకొచ్చి దింపుతానన్నాడు.

మేనేజరుగారు నా పుస్తకం తెరిచి చూపించారు. అక్క దానివంక చూడనైనా లేదు.

“ఒక్కసారి లోపలికి రండి సార్. ఇంకా ఊడవలేదు,” అంది.

ముగ్గురం వెళ్ళాం. నేలంతా తెల్లగా గింజలు, వాటి మధ్య కూల్‌డ్రింక్ మడుగులు, ఒక ఒంటి చెప్పు. అప్పుడే చూసి వెళ్ళిన హెడ్మాస్టరుగారి మూల సీటు కింద అందరికంటే ఎక్కువ ఒలికి ఉంది. ఆయన కళ్ళజోడు రెండు వరసల ముందు దొరికింది. అది వంగి తీయబోయి మేనేజరుగారు మడుగులో కాలేసి జర్రున జారి, పడబోయి సీటు పట్టుకుని, సీటుతో సహా మడతపడ్డారు. సినిమాలో మామగారు కూడా అంత బాగా పడలేదు. నేను నవ్వాపుకోలేక గోడవైపు తిరిగాను. ఆయన లేచి చొక్కా దులుపుకుని, మొదట ముఖం మాడ్చుకుని, తర్వాత తనూ నవ్వేశారు. సినిమా ఉండిపోయింది. నా పొగరు కూడా ఆ పూటే దిగిపోయింది.

ఆదివారం మధ్యాహ్నం ఆటకి కూతురు చంటిపాపతో వచ్చింది. కళ్ళకింద నల్లగా ఉంది. పాపని అక్క ఎత్తుకుని, కూతుర్ని మధ్య వరసలో కూర్చోబెట్టి బయటికొచ్చింది. పావుగంట కాకుండానే నన్ను లోపలికి తరిమింది, నవ్విందో లేదో చూసి రమ్మని. చీకట్లో ఏమీ కనపడలేదన్నాను. ఇంటర్వెల్లో పిల్ల బయటికి రాలేదు. తర్వాత మళ్ళీ తరిమింది. ఈసారి టార్చి కిందికి వంచి పట్టుకుని దగ్గరిదాకా వెళ్ళాను. చుట్టూ జనం పొట్టలు పట్టుకుని దొర్లుతున్నారు. ఆ పిల్ల తల పక్కకి వాల్చి, నోరు కొద్దిగా తెరుచుకుని, ఒళ్ళు తెలియకుండా నిద్రపోతోంది.

టార్చి ఆర్పి తిరిగొచ్చాను. నా ముఖం చూసి అక్క పాపని నా చేతుల్లో పెట్టి తనే వెళ్ళింది. ఎంతకీ రాలేదు. వచ్చాక లాబీ మెట్టు మీద కూర్చుంది.

“నవ్వు, నవ్వు అని దాన్ని మూణ్ణెల్లుగా చంపుకుతిన్నాను తమ్ముడూ. కాసేపు పడుకోవే, పిల్లని నేను చూస్తా అని ఒక్కసారన్నా అనలేదు.”

పంతొమ్మిదేళ్ళుగా ముక్కూ మొహం తెలియని వాళ్ళ మనసులు చదివిన మనిషి, సొంత కూతురి దగ్గర పొరబడ్డానని కళ్ళు తుడుచుకుంటుంటే నాకూ ఏడుపొచ్చింది. చేతిలో పాప మాత్రం నా చొక్కా గుండీ లాగే పనిలో తీరిక లేకుండా ఉంది.

ఆట వదిలాక ఆ పిల్ల అందరికంటే ఆఖర్న వచ్చింది. చెంప మీద సీటు గుడ్డ గీతలు పడి ఉన్నాయి. నా చేతుల్లో పాప ఉందని ఆ రోజు మేనేజరుగారే పుస్తకం పట్టుకుని నిలబడ్డారు. సినిమా ఎలా ఉందమ్మా అని అడిగారు.

“చాలా బాగుందండీ,” అంది ఆ పిల్ల. తర్వాత కొంచెం సిగ్గుపడుతూ, “రేపు కూడా ఉంటుందా?” అని అడిగింది.

ఆయన నోరు తెరిచేలోపే అక్క మెట్టు మీంచి లేచింది.

“ఉంటుందే తల్లీ,” అంది. “పాప నా దగ్గరుంటుంది.”