ఎండలో పెట్టిన విల్లు

మా ముత్తాత పెద ఓబయ్యగారు, ఆయన కుమారుడు చెంచయ్యగారు, ఆయన కుమారుడు మా నాయన రంగయ్యగారు కొనకనమిట్ల వైపు తొమ్మిది ఊళ్ళకు పెద్దలు. చావిడిలో వాళ్ళు కూర్చున్నాకే పంచాయితీ మొదలయ్యేది. పెళ్ళిళ్ళలో మొదటి తాంబూలం వాళ్ళకే అందేది. వేసవి తిరునాళ్ళలో స్వామిని వేటకు ఊరేగించే పారువేట నాడు, వాళ్ళ చేతి బాణం గాలిలోకి లేచాకే బోయీలు పల్లకిని భుజానికెత్తేవారు. గొప్ప కోసం చెప్పడం లేదు. తెలిసినవాళ్ళలో నేనొక్కదాన్నే మిగిలాను కనుక రాసిపెడుతున్నాను.

పోయిన నెల గిద్దలూరులో మా అబ్బాయి కారు తలుపు తెరిస్తే ఒక వాసన మొహానికి కొట్టింది. మా మనవరాలు బడిలో విలువిద్య నేర్చుకుంటోంది. ఆ పూట మైదానం పక్కన ఎండలో నిలిపిన కారులో విల్లు, బాణాల సంచి వదిలేసి మధ్యాహ్నమంతా ఆటల్లో పడిపోయింది. కాగిన రెక్సిను వాసన, రబ్బరు వాసన, వాటి అడుగున మెత్తబడిన బంక వాసన. బాణాల చివర అంటించిన ఈకలు రెండు ఊడి సంచి అడుగున పడి ఉన్నాయి.

"ఏం కాదులే జేజీ, మళ్ళీ అంటిస్తా," అని పిల్ల నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఆ బంక వాసన నేను పదేళ్ళ వయసులో చూసినదే.

మా ఇంటి విల్లు వెదురుది కాదు. నడుమ కర్ర, లోపలి వైపు గేదె కొమ్ము పలకలు, వెలుపల నరాల పొర. ఈ మూడింటినీ కలిపి పట్టుకున్నది తోళ్ళు ఉడికించి తీసిన బంక. నవాబుల కాలంలో మావాళ్ళకు దక్కిందని చెప్పుకునేవారు. దేవుడి గదిలో, పచ్చ పట్టు సంచిలో, గోడకు వేలాడుతుండేది. ఏడాదికి ఒక్కసారే దించేవారు. దించేది నాయన, నారి ఎక్కించేది దూదేకుల మస్తాన్ తాత.

మస్తాన్ తాత పరుపులకు పత్తి ఏకేవాడు. ఆయన పనిముట్టు కూడా ఒక పెద్ద విల్లే. మా వసారాలో కూర్చుని దాని నారిని కొయ్య గుండుతో మీటుతుంటే టుంయ్ టుంయ్‌మని ఇల్లంతా మోగేది, దూది లేచి కనుబొమల మీద, గడ్డం మీద, చెవి వెంట్రుకల మీద వాలితే ఆయన పగిలిన బూరుగు కాయలా కనిపించేవాడు. నరంతో పేనిన నారి గుట్టు ఆ ఇంటికి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు, అందుకే మా విల్లు బాగోగులు వాళ్ళ నాయన నాటి నుంచీ వాళ్ళవే. నాయనకు మగపిల్లలు లేరు. నన్ను మస్తాన్ తాత "చిన్నదొరా" అని పిలిచేవాడు. "రేపు ఈ విల్లు ఎత్తాల్సింది నువ్వే చిన్నదొరా. చెయ్యి చూస్తే సజ్జ కంకంత కూడా లేదు, తిను," అని నల్లమల నుంచి వచ్చిన మొర్రిపండ్లు దోసిట్లో పోసేవాడు.

తిరునాళ్ళ నెలంటే మాకు ఎండ గుర్తుండేది కాదు. బావి నీళ్ళలో దించిన పానకం బిందె, నానిన వడపప్పు, బొరుగుల్లో కలిపిన బత్తాసులు, పలకల ఫ్యాక్టరీ దగ్గర ఏరుకొచ్చిన నున్నటి రాతి ముక్కలతో అరుగు మీద అచ్చనగండ్లు, నీళ్ళ కుండకు అమ్మ పొద్దుటా మధ్యాహ్నం చుట్టే తడిగుడ్డ, ఆ గుడ్డకు చెంప ఆనించి నిలబడితే వచ్చే మట్టి వాసన. ఇవే గుర్తు.

తిరునాళ్ళ ఊరు మాకు నాలుగు మైళ్ళు. అక్కడ మాకొక విడిది ఇల్లు ఉండేది. మందపాటి గోడల మిద్దె. చల్లటి లోపలి గదిలో, సాయంత్రం దాకా విల్లు తగిలించడానికని రెండు చిలక్కొయ్యలు. పొలాలు చాలావరకు చేజారాక, నాయన ఆ ఇంటిని పలకల కోటయ్యకు అమ్మారు. మార్కాపురంలో పలకల వ్యాపారం చేసి పైకొచ్చిన మనిషి. అమ్మకం దాకా నాయనను "దొరా" అన్నవాడు, రిజిస్ట్రీ అయిన మరునాటి నుంచి "మామా" అనడం మొదలుపెట్టాడు.

ఆ ఏడు పారువేటకు మా నల్ల కారు ఎప్పటిలాగే ఆ ఇంటి ముందే ఆగింది. కోటయ్య మెట్లు దిగి వచ్చాడు.

"రాండి మామా, ఎండన పడి వచ్చినారు. ఇల్లు మీదే అనుకోండి."

"అనుకునే పని లేకుండానే మూడు తరాలు దిగినాం లే కోటయ్యా."

"మాట మాత్రం తగ్గలే మామకు!" అని కోటయ్య నవ్వుతూ లోపలికి పోయాడు.

మస్తాన్ తాత కారు వెనక సీటు మీది విల్లు చూసి గొంతు తగ్గించాడు. "దొరా, ఇది ఇనప డబ్బా. ఎండకు పొయ్యి మాదిరి అయితాది. బంకతో నిలబడిన సామాను. లోపల పెట్టిద్దాం."

"అమ్మిన ఇంట్లో నా విల్లు దింపేది లేదు."

"పోనీ, చెట్టు కిందన్నా..."

"సంతకు తెచ్చిన పొట్టేలా, చెట్టుకు కట్టేసేదానికి? కారులోనే ఉండనీ."

నాయన కారు అద్దాలు పైకెత్తి, ఆ ఇంటి గడప తొక్కొద్దని నాతో చెప్పి, మస్తాన్ తాతను వెంటబెట్టుకుని గుడికి వెళ్ళారు.

గోడ నీడ సన్నబడి నా పాదాల దగ్గరికి వచ్చింది. కోటయ్య భార్య ఆదెమ్మ వాకిట్లోకి వచ్చి, "ఏందమ్మా ఆ ఎండలో? రా తల్లీ, మజ్జిగ తాగుదువు," అంది. దాహానికి ఆగలేక వెళ్ళాను. లోపలి గది ఎప్పటిలాగే చల్లగా ఉంది. చిలక్కొయ్యలు రెండూ ఖాళీగా ఉన్నాయి.

"విల్లు తెచ్చి తగిలించుకోండమ్మా. మీవేనని ఆ కొయ్యలకు నేను గుడ్డపేలిక కూడా తగిలించలే," అంది ఆదెమ్మ.

"మాకు అవసరం లేదు," అన్నాను. నాయన గొంతుతోనే అన్నాను. సగం తాగిన గ్లాసు కింద పెట్టి, మెడ నిటారుగా పెట్టుకుని బయటికి వచ్చేశాను.

కానీ మనసు ఆగలేదు. కారు తలుపు తీస్తే సెగ. పట్టు సంచి తాకితే పెనంలా చురుక్కుమంది. మా వైపు చల్లబరచడమంటే తడిగుడ్డ చుట్టడమే. పాలకైనా, కుండకైనా, జ్వరం వచ్చిన నుదుటికైనా. కారులోని కూజా వంచి, పట్టు సంచిని ఈ చివర నుంచి ఆ చివర దాకా ఓపికగా తడిపాను. అది చల్లబడింది. తలుపు మూసేశాను. మా విల్లును నేనే కాపాడానని ఎంతో సంతోషంగా, నాయన వచ్చేదాకా నీడలో కూర్చున్నాను.

సాయంత్రం కారును గుడి ముందుకు తెచ్చాక మస్తాన్ తాత సంచి విప్పాడు. లోపల అంతా ఆవిరి, మెత్తబడిన బంక వాసన. ఆయన వేళ్ళు ఒకదానికొకటి అంటుకున్నాయి. ఖాళీ కూజా వంక చూశాడు. నా వంక చూశాడు. తడి సంచిని గట్టిగా పిండి, మడిచి, తన భుజం మీది తువ్వాలు కింద దాచుకున్నాడు.

"దొరా, ఈ యేడు వెదురు విల్లుతో కానిద్దాం," అన్నాడు నెమ్మదిగా.

ఎదురుగా కోటయ్య, ఊరి జనం. "నారి ఎక్కించు," అన్నారు నాయన.

ఎక్కించాడు. నాయన బాణం సంధించి చెవిదాకా లాగారు. తడిబట్ట చింపినట్టు ఒక చప్పుడు. కొమ్ము పలక కర్రను విడిచి చాపలా లేచింది. బాణం నాయన పాదాల దగ్గర పడింది. మేళం ఆగిపోయింది.

"దొర విల్లు వలిచిన అరటిపండు అయ్యిందే!" అని ఎవరో అరిచారు. నవ్వులు. పల్లకి కదలలేదు.

"ఏం చేసినావు మస్తానూ?" అన్నారు నాయన. అంత చిన్న గొంతు ఆయనది నేనెప్పుడూ వినలేదు.

"నారి బిగువు ఎక్కువ పెట్టినా దొరా. ముసిలి చేతులు. తప్పు నాదే."

నాయన ఆయన వైపు తిరిగి చూడకుండా కారెక్కారు. నేనూ ఎక్కాను. మస్తాన్ తాత నాలుగు మైళ్ళూ నడిచి వచ్చాడు. ఆ తర్వాత మా గడపలోకి రాలేదు, నాయన పిలవనూ లేదు. మా పరుపులు ఏకడానికి వేరే ఊరి మనిషి వచ్చేవాడు. మొదట భయంతో, పెద్దయ్యాక సిగ్గుతో, నేను ఆ ఇంటికి వెళ్ళి నిజం చెప్పలేదు. ఆయన పోయిన కబురు పెళ్ళయ్యాక గిద్దలూరులో విన్నాను. ఆ పారువేట మరుసటి ఏడు నుంచి మొదటి బాణం కోటయ్య కొన్న వెదురు విల్లుతో వేశారు. ఇప్పుడు పల్లకి బదులు ట్రాక్టరు వెళుతోంది, బాణం లేనే లేదు. పత్తి ఏకే నారి చప్పుడు విని ఎన్నేళ్ళయిందో చెప్పలేను.

ఆ రోజు మనవరాలి సంచిని నేనే మోసుకొచ్చి ఇంట్లో నీడపట్టున పెట్టాను. "దీనికి తడిగుడ్డ మాత్రం చుట్టకు," అన్నాను.

"ఎవరు చుడతారు జేజీ అట్ల?" అంది పిల్ల.

పాత కాగితాల పెట్టె తెరిచి ఆ విడిది ఇంటి దస్తావేజు నకలు తీశాను. నాయన సంతకానికి పైన, అమ్మినవాటి వరస ఉంది: తలుపులు, దూలాలు, అరుగు బండలు, లోపలి గదిలో చిలక్కొయ్యలు రెండు.