డాక్టర్ హంసాబెన్ పేర్లు అడగని రోజు

గుజరాత్‌లోని బార్డోలీలో మా క్వార్టర్ల కింది ఇంట్లో ఎవరైనా ఎండుమిరపకాయలు వేయిస్తే ఆ ఘాటు మెట్లెక్కి వచ్చి నా గొంతులో కూర్చుంటుంది. పక్కింటివాళ్లు దగ్గుతూ నవ్వుకుంటారు. నేను కిటికీ మూసి కాసేపు గోడకు ఆనుకుని నిలబడతాను. సూరత్ శివారు డిండోలిలో ఆ మధ్యాహ్నం గాలి అచ్చం ఇలాగే ఉండింది. దాంతో పాటే డాక్టర్ హంసాబెన్ గుర్తొస్తారు.

మా నాన్న సిరిసిల్ల వైపు నుంచి సూరత్‌కు పవర్‌లూమ్ పనికి వచ్చారు. నేను అక్కడే పుట్టి, నర్సింగ్ చదివి, మొదటి ఉద్యోగానికి డిండోలిలోని హంసాబెన్ క్లినిక్‌లో చేరాను. రెండు గదులు, ముందు రేకుల వరండా, అంతే. ఆవిడ గుజరాతీ మనిషి, అరవై దాటాయి. మగ్గాల మోతకు చెవులు మందగించిన మావాళ్లతో గట్టిగా మాట్లాడేవారు కానీ ఎప్పుడూ విసుక్కునేవారు కాదు. చేరిన కొత్తలో వేలు చితికిన ఒకతనికి నేను కట్టు కట్టబోతుంటే ఆపారు. “ముందు పేరడుగు లతా,” అన్నారు హిందీలో. “పేరుపెట్టి పిలిస్తే మనిషి బిగబట్టిన చేయి వదులు చేస్తాడు. అప్పుడు ముట్టుకో.”

ఆ ఏడాది ఊళ్లోనే ఖటోదరాలో ఒక అద్దకం మిల్లు తగలబడి కొందరు కార్మికులు లోపలే కాలిపోయారు. తలుపులకు బయటి నుంచి తాళం వేసి ఉందని బతికినవాళ్లు చెప్పారు. యజమానిని అరెస్టు చేయాలని మగ్గాలు ఆపేసి జనం రోడ్డు మీద కూర్చున్నారు. కొన్నాళ్లు చూసి, ఒక మధ్యాహ్నం పోలీసులు లాఠీలతో దిగారు. తర్వాత బాష్పవాయువు. ఆ తర్వాత తుపాకులు.

పోలీసులు పెద్దాసుపత్రి గేటు దగ్గరే కాపుకాసి, గాయాలతో వచ్చినవాళ్లను వచ్చినట్టు వ్యానెక్కిస్తున్నారని తెలిసి అందరూ మా క్లినిక్‌కు వచ్చారు. వరండా నిండిపోయింది. పగిలిన తలలు, విరిగిన చేతులు, తెరవలేని కళ్లు. అలవాటు కొద్దీ నేను మొదటి మనిషిని పేరడగబోతే హంసాబెన్ నా భుజం పట్టుకున్నారు. “ఈ రోజు ఎవరి పేరూ అడగొద్దు. మనకు తెలియనిది మన నోట ఎవరూ చెప్పించలేరు.”

తొడలో తూటా దిగిన ఒక యువకుణ్ణి తలుపు చెక్క మీద మోసుకొచ్చారు. హంసాబెన్ మోకాళ్ల మీద కూర్చుని అతని గజ్జల దగ్గర రెండు చేతులతో అదిమిపట్టారు. రక్తం తగ్గింది కానీ ఆగలేదు. నా చేత ఒక సర్జన్‌కు ఫోన్ చేయించారు. ఆయన అంబులెన్స్ పంపుతానన్నాడు. అంతలో నుదురు చీలిన ఒక కానిస్టేబుల్ గోడ తడుముకుంటూ లోపలికి వచ్చాడు. రాయి తగిలిందట.

“వానికేంది మేడం, కట్టు గట్టేది? కాల్చినోళ్లు వీళ్లే గదా!” అని వచ్చీరాని హిందీలో అరిచాడు చేయి విరిగిన మావాళ్ల పెద్దాయన ఒకాయన.

“నీ పక్కన చోటుంది, జరుగు,” అన్నారు హంసాబెన్ తలెత్తకుండా. “లతా, అతనికి కుట్లు వెయ్యి.”

వేశాను. అతని పేరూ అడగలేదు.

అంబులెన్స్ కంటే ముందు పోలీసు వ్యాను వచ్చింది. ఇన్‌స్పెక్టర్ అందరి పేర్లూ అడిగాడు. తెలియదన్నారు హంసాబెన్. “ఇతన్ని కదిలిస్తే చచ్చిపోతాడు, కాసేపు ఆగండి,” అన్నారు. ఆగలేదు. “అయితే నేనూ వస్తాను. నా చేయి తీస్తే బతకడు.” అలాగే అదిమిపట్టి, వంగి నడుస్తూ వ్యాను దాకా వెళ్లారు. చెక్క ఒక కొస పట్టుకున్నది ఆ కానిస్టేబులే. వ్యాను ఆసుపత్రికి పోలేదు, స్టేషన్‌కు పోయింది. ఆ ఆవరణలోనే ఆ యువకుడు చనిపోయాడు.

గాయపడ్డవాళ్లను దాచారని కేసు పెట్టి హంసాబెన్‌ను నెలల తరబడి జైల్లో ఉంచారు. క్లినిక్‌కు సీలు వేశారు. బెయిలు మీద వచ్చాక ఆవిడ తన ఇంటి ముందు గదిలో మళ్లీ రోగులను చూడటం మొదలుపెట్టారు. ఆ యువకుడి తల్లి జగిత్యాల దగ్గరి పల్లె నుంచి వెతుక్కుంటూ అక్కడికే వచ్చింది. అతని పేరు శ్రీను అని నాకు అప్పుడే తెలిసింది.

“ఆఖరుకు ఏమన్న అన్నడా బిడ్డా, నా కొడుకు?” అని అడిగింది నన్ను.

ఆ మాట హిందీలో చెప్పాను. హంసాబెన్ ఆమె ఎదురుగా నేల మీద కూర్చున్నారు. “నొప్పి, నొప్పి అన్నాడు. నీళ్లడిగాడు. పెదవులు తడిపాను. ప్రాణం పోయేదాకా నా చేయి అతని మీదే ఉంది. అలాగే చెప్పు.”

“నీళ్లడిగిండట, మేడం తాపిందట. ఆఖరిదాంక పక్కనే ఉందట,” అన్నాను ఆ తల్లితో.

హంసాబెన్ నన్నే చూశారు. ఆవిడకు తెలుగు రాదు. కానీ ఇన్నేళ్లు మావాళ్లకు వైద్యం చేసిన మనిషికి నొప్పి అన్న ఒక్క మాట తెలుసు. “నువ్వు నొప్పి అనలేదు,” అన్నారు. “ఆమె అంత దూరం నుంచి వచ్చింది. కొడుకు మాటల్లో సగం నీ దగ్గరే ఉంచుకుంటావా?”

చెప్పాను. ఆ తల్లి వెంటనే ఏడవలేదు. “గట్లనే అంటడు చిన్నప్పటి సంది. జర దెబ్బ తాకినా ఓర్వడు,” అంది. అప్పుడు ఏడ్చింది. హంసాబెన్ ఆమెను దగ్గరికి తీసుకున్నారు.

కేసు నడుస్తుండగానే హంసాబెన్ కన్నుమూశారు. తీర్పు రానే లేదు. ఆ మిల్లు మాత్రం ఇంకో పేరుతో మళ్లీ తెరిచారు.

నేనిప్పుడు బార్డోలీలో ఒక ఆసుపత్రి అత్యవసర విభాగంలో పనిచేస్తున్నాను. ఎవరైనా పోయినప్పుడు కొత్త నర్సులు బంధువులతో, “నొప్పేమీ తెలియకుండానే పోయాడు,” అంటారు. వాళ్లది జాలే, కాదనను. మొన్న చెరకు లారీ కింద పడి చనిపోయిన ఒకతని భార్య నా చేయి పట్టుకుని, “బాధపడ్డాడా?” అని అడిగింది.

నేను ఆమె పక్కన కూర్చున్నాను. “పడ్డాడమ్మా,” అన్నాను. “నిన్నే పిలిచాడు. నేనక్కడే ఉన్నాను.”