చిన్నాయన కొట్టేయమన్న పేరు

పోయిన సోమవారం పొద్దున మా పక్కింటి చిన్నాయన పోయాడు. మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకుని కూర్చున్నవాడు కూర్చున్నట్టే పడుగు మీదికి వాలిపోయాడట. సోమందేపల్లెలో మా నేతగాళ్ల వీధికంతా కావలసిన మనిషి. ఆయన గురించి నాలుగు మాటలు రాయమని మా చేనేత సంఘం వాళ్లు కార్యదర్శినైన నన్నే అడిగారు. రాయాలంటే సిగ్గుగా ఉంది. ఆ సిగ్గే రాస్తాను.

చిన్నాయన అన్నది వరసకే. మా నాయన చిన్నప్పుడే పోతే నాకు మగ్గం నేర్పింది ఈయనే. చెయ్యి ఎత్తేవాడు కాదు, మాటతోనే వాత పెట్టేవాడు. "పోగు తెగితే మగ్గం ఆపప్పా. అట్నే నేసినావంటే కట్టుకునే ఆయమ్మకి కనపడదనుకుంటివా?" అనేవాడు. మధ్యాహ్నం తన జొన్నరొట్టెలో సగం తుంచి నా చేతిలో పెట్టి, నేను తినేదాకా తను ముట్టేవాడు కాదు.

ఆయన ఎప్పుడో యేసును నమ్ముకున్నాడు. ఆదివారం వాళ్ల వసారాలో పదిమంది చేరి ప్రార్థన చేసుకునేవాళ్లు. ఉగాదికి మా అమ్మ ఓళిగలు పంపితే "ఇంకో రెండు పంపీమను" అని కబురు చేసేవాడు. ఎవరి దేవుడు వాళ్లకు. అది మాట్లాడుకునే సంగతే కాదు మాకు.

అలా ఉండగా శాసనసభ ఎన్నికలొచ్చాయి. మా వీధిలో ఒక పద్ధతి ఉంది. పెద్దలు నలుగురు కూర్చుని ఎవరికి మద్దతో తేలుస్తారు. కార్యదర్శి సభ్యులందరి పేర్లూ వేసి పత్రం రాసిస్తాడు. ఒక్కొక్కరినీ అడగడమంటే అనుమానించినట్టు. ఈసారి అభ్యర్థి మగ్గాలకు షెడ్లు కట్టిస్తానన్నాడు. అతని మనుషులు తెచ్చిన పత్రం నమూనాలో ఇంకో వాక్యం కూడా ఉంది: ఇళ్లలో గుంపుగా ప్రార్థన చేసుకోవాలంటే అధికారి అనుమతి ఉండాలని శాసనసభలో చట్టం తెస్తారట, దానికి మా సంఘం సమ్మతిస్తోందట. చదవకుండా రాశానని చెప్పను. చదివాను. షెడ్డే కళ్ల ముందు ఆడింది. చిన్నాయన పేరు నా చేత్తోనే రాశాను.

ప్రచార సభలో ఆ పత్రమూ పేర్లూ మైకులో చదివారు. మర్నాడే ఆయన మా ఇంటికొచ్చాడు.

"నా పేరెందుకు రాస్తివప్పా?"

"అందరివీ రాసినా చిన్నాయనా. సంఘం మాట కదా."

"ఓటు ఎవరికేస్తే ఏముండాది. నా ఇంట్లో నేను మొక్కేదానికి ఇంకొకర్ని అడగల్లని నేనే ఒప్పుకున్నట్టుండాది. అది కొట్టేయ్."

"పోలింగు కానీ, కొట్టేపిస్తా."

అభ్యర్థి గెలిచాడు. సంఘాలే అడిగాయి కాబట్టి బిల్లు పెట్టిస్తానని ఊరూరా చెప్పుకున్నాడు. చిన్నాయన ఇంకో రెండుసార్లు అడిగాడు. షెడ్ల పని మొదలు కానీ అన్నాను. ఒక్క ఉత్తరం రాస్తే తీరిపోయేది. ఆ నాయకుడు మొహం మాడ్చుకుంటాడని నాకు భయం. ఛీ, ఇంతకంటే చేతగానితనం ఉంటుందా? తర్వాత ఆయన అడగడమే మానేశాడు. నా కూతురి పెళ్లిచీర అంచు కుదరక నేను తిప్పలు పడుతుంటే మాత్రం పిలవకుండానే వచ్చి కూర్చుని సరిచేసి పోయాడు. ఆ పూటంతా నేను తల దించుకునే ఉన్నాను.

మట్టి చేసి వచ్చిన సాయంత్రం చిన్నమ్మ నన్ను గుమ్మం దగ్గరికి పిలిచింది.

"మూడో దినం ఇంట్లో ప్రార్థన పెట్టుకోవల్లప్పా. అర్జీ నువ్వే రాసియ్యి."

"చట్టం ఇంకా రాలేదు చిన్నమ్మా. ఎవుర్నీ అడగాల్సిన పన్లేదు."

"ఎందుకొచ్చిన గొడవ. మీ చిన్నాయన కూడా ఒప్పుకున్నాడంట గదా, ఆ పేపర్లో పేరుండాదంట. నాతో ఒక్క మాటన్నా చెప్పల్యా ఆ మనిషి."

నేను చేసిన పని ఆయన ఇంట్లో కూడా చెప్పలేదన్నమాట. చిన్నమ్మ లోపలికి పోయి ఒక తెల్లకాగితం, పెన్ను తెచ్చి నా చేతిలో పెట్టింది. నేను రాస్తానని ఎదురుచూస్తూ అక్కడే నిలబడింది.